ఓనరు సంతకం

తెనాలిలోని ఓ ఇంటి వరండాలో ఇంటి యజమానీ, ఏడేళ్లుగా అందులో అద్దెకుంటున్న మనిషీ ఎదురెదురుగా కూర్చున్నారు.

“ముందు గదిలో అమ్మాయి మీ చెల్లెలి కూతురన్నావుగా?”

“అవును బాబాయ్ గారూ.”

“పొద్దున మా ఇంటికొచ్చింది. బ్యాంకులో కరెంటు బిల్లు అడిగారట. బిల్లు మీద నా పేరు, తన అగ్రిమెంటులో ఓనరుగా నీ పేరు ఉన్నాయేంటని అడిగింది.”

“తప్పయిపోయిందండి.”

“నా అనుమతి లేకుండా ఇంకొకళ్లకి అద్దెకివ్వకూడదని మనం కాగితం మీద రాసుకున్నాం. సరే, నన్నడగలేకపోయావు. ఓనరునని ఎందుకు రాశావు?”

“వాళ్లమ్మ గది చూడ్డానికి వచ్చిన రోజే ‘ఓనరు గారూ’ అని పిలిచిందండి. ముప్ఫై ఏళ్లుగా అద్దెకొంపల్లోనే ఉన్నాను, నన్నెవరూ అలా పిలవలేదు. కాదని చెప్పలేకపోయాను. స్టాంపు పేపరు మీద కూడా అలాగే సంతకం పెట్టేశాను.”

“ఊఁ.”

“ఆ అమ్మాయికి ఏం చెప్పారండి?”

“ఇల్లు నీకు అమ్మేశాననీ, బిల్లులో పేరింకా మారలేదనీ చెప్పాను.”

“అయ్యో, అలా ఎందుకు చెప్పారండి?”

“నీ గురించి అంత మర్యాదగా మాట్లాడుతుంటే నాకూ కాదనబుద్ధి కాలేదు. గదికి అద్దె అగ్రిమెంటు నేనే తన పేర రాసిస్తాను. నిజం మాత్రం నువ్వే చెప్పాలి. లోపలే ఉంది, పిలువు.”

“మీరు వెళ్లండి బాబాయ్ గారూ. మీ ముందు చెప్పలేను.”