మగవాళ్ళ వైపు బాక్సు

బళ్ళారి కంటోన్మెంటులో రెజీనా వాళ్ళ ఇల్లు, ఆదివారం మధ్యాహ్నం, చర్చి విడిచాక. రికార్డు ప్లేయరును హోమ్ థియేటరుకు కలిపి ఇస్తానని వచ్చిన దయాసాగర్, నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేసిన మనిషి, రెండంటే రెండు వైర్లతో రెండు గంటలుగా కుస్తీ పడుతున్నాడు.

"ఇంతే వస్తాదమ్మా. దీనికి మించి రాదు."

"ఆడోళ్ళ గొంతులే వస్తాండాయి కదా మామా. మొగోళ్ళు యాడ?"

"పాత రికార్డు ప్లేటు రెజీనా. నలభై ఏడేండ్లు ట్రంకుపెట్టెలో పండుకోనుండాది. గొంతులు పోయింటాయి."

"పోతే అందరివీ పోవల్ల. మొగోళ్ళవే పోతాయా?"

"నువ్వు తెప్పించిన ఆ సౌండు పెంచే చిన్న డబ్బా నడుమ పెడితి కాబట్టి ఇంతన్నా వచ్చె. లేకుంటే దోమ పాడినట్లుండె. గుర్రుమనేది కూడా పోయింది చూడు, సన్న తీగెతో ఎర్తు ఇస్తినే, దానికి. రొంత టీ పెడ్తావా?"

"పెడ్తా. ముందు ఇది చెప్పు. ఆ పొద్దు గుళ్ళో ఎట్ల రికార్డు చేసిరి? క్వయరులో నువ్వూ ఉంటివి కదా."

"ఉంటి. మద్రాసు నుంచి వచ్చిరి. మైకులు రెండే. గుళ్ళో కూచున్నట్లే ఎడం పక్క ఆడోళ్ళను, కుడి పక్క మొగోళ్ళను నిలబెట్టి, పక్కకొగటి పెట్టిరి."

"అంటే ఎడం స్పీకరు బాక్సులో ఆడోళ్ళు, కుడి బాక్సులో మొగోళ్ళు."

"అట్లే అనుకో."

"కుడి బాక్సు మాట్లాడనే లేదు మామా."

"బాక్సు ఖరాబైంటాది."

"పొద్దున దాంట్లోనే టీవీ వార్తలు ఇంటిమి."

"అట్లయితే వైరు. ఎర్ర వైరు లోపల తెగింటాది. సోమారం వేరేది తెస్తాలే."

"పోయిన ఆదివారమూ వైరే అంటివి. దాన్ని హంపేశ్ అంగడికి ఎత్తకపోయి చూపిస్తి. మీటరు పెట్టి చూసి, వైరుకేమైందక్కా, శానా గట్టిగా ఉండాది అనె."

"హంపేశ్‌కేం తెల్సు. నిన్న మొన్న నేర్సుకున్నోడు."

"నీ దగ్గరే కదా నేర్సుకునింది."

"ఊ."

"జరుగు మామా. నేను చూస్తా."

"ఊరికే ఉండు తల్లీ, షాకు కొడ్తాది."

"ఇదేంది? ఎర్ర పిన్ను సగమే పెట్టినావే. లోపల తాకనే లేదు."

"చూసుకోలేదమ్మా. కండ్లు సరిగా ఆనవు."

"తెల్లదానికి ఆనినాయి. ఎర్రదానికే ఆనలేదా?"

"రెజీనా, బిడమ్మా. ఈ పొద్దుకు ఇడిసిపెట్టు."

"ఎందుకు బిడల్ల? మా యమ్మ పోయేముందు ఏం చెప్పిందో నీకు తెల్దా, నువ్వు మంచం పక్కనే ఉంటివి. ఆ ప్లేటులో మీ నాయన పాడినాడు పాపా, ఒగసారన్నా ఇను, అనె. ఇంట్లో ప్లేయరు లేక ఆమె ఎప్పుడూ ఇనలేదు. పెండ్లి చీరలో చుట్టి పెట్టుకునె, అంతే. నాకు తొమ్మిది నెలలకే నాయన పాయె. నాయనంటే నాకు గోడ మీద ఫోటోనే మామా. నన్ను ఏమని పిలుస్తాండెనో తెల్దు. గొంతు సన్నమో లావో తెల్దు. ఇంగ నీకేం అడ్డం?"

"నాకేం అడ్డం లేదు."

"నొక్కుతాండా."

"నొక్కు. నేను చెప్పేదేముంది ఇంగ."

"వచ్చె. మామా, వచ్చె. ఎంతమంది ఉండారు. మాట్లాడొద్దు, ఇననీ."

"ఇను."

"ఇందులో నువ్వెవురు?"

"పైన తీసేది నేను."

"కింద గుమ్మని వచ్చేది? అది నాయనేనా? కింది గొంతు ఆయనదే అంటాండె అమ్మ."

"అది కెన్నెత్ సారు. ఇస్కూలు సారు."

"ఆయన పక్కన ఇంగొగటి ఉండాది."

"అదీ ఆయనదే. గుడి గోడకు తగిలి ఎనక్కి వస్తాది."

"నాయనది యాడ మరి? ఆఖరు చరణం కూడా వచ్చె. ఇదో, ఎవుడో దగ్గి చెడగొట్టె. ముల్లు మొదటికి పెట్టు, ఈసారి సరిగా ఇంటా."

"ఎన్నిసార్లు పెట్టినా అంతేనమ్మా."

"ఎందుకు?"

"మీ నాయన పాడలేదు."

"ఏందంటాండావు?"

"నెహెమ్యా ఆ పొద్దు పాడలేదు. కూరెకుప్ప పక్క గనిలో రాయి పొడి కొట్టే మిషను కాడ కదా పని. దుమ్ము మింగి మింగి దగ్గు పట్టుకునె. పాట నడుమ మూడు సార్లు దగ్గె, మూడు సార్లూ మద్రాసాయన టేపు ఆపె. అప్పుడు క్వయరు మాస్టరు పక్కకు పిలిచి, నువ్వు నిలబడు నెహెమ్యా, నోరు మాత్రం ఆడించు, అనె."

"అమ్మకు తెల్దా?"

"నిన్ను కని యూనీసు హచ్చొళ్ళిలో పుట్టింట్లో ఉండె. యూనీసుకు చెప్పొద్దు దయా, అని నా చెయ్యి పట్టుకునె వాడు. ఆరు నెలలకు మనిషే పాయె. ఆమె ఆ ప్లేటును ఎద మీద పెట్టుకోని ఏడుస్తాంటే ఏమని చెప్పల్ల నేను? ఇన్నేండ్లు కడుపులో పెట్టుకుంటి. నీకన్నా తెలీకుండా పోనీ అని పిన్ను సగం పెడ్తి. తప్పే."

"అంటే ఇంగ ఏమీ లేదు. ఈ లోకంలో యాడా లేదు ఆయన గొంతు."

"పాట లేదు."

"ఆపెయ్ మామా. ఆ ప్లేటును ఎవురికన్నా ఇచ్చెయ్. నా కండ్ల ముందర పెట్టొద్దు."

"తీస్తాలే. ఆఖరు చరణం కాడ ఒగసారి ముల్లు పెట్టి తీస్తా."

"ఎందుకు? కెన్నెత్ సారును ఇననీకా?"

"కాదు తల్లీ. పాటంతా రుమాలు నోట్లో కుక్కుకోని నిలబడె, ఆఖరుకొచ్చి ఆపుకోలేకపాయె. టేపు అయిపోయిందని మద్రాసాయన అట్లే ఉంచె. ఇందాక ఎవుడో దగ్గి చెడగొట్టె అంటివే. ఆ ఎవుడో మీ నాయనే."