చదవకుండా వదిలిన పై లైను

నా పేరు నంజుండప్ప. తండ్రి పేరు చిన్నవెంకటప్ప, ఇప్పుడు లేరు. నా వయసు 61 ఏళ్లు. ఉండేది కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో, కోరమండల్ పేటలో, పాత మైను కార్మికుల లైను ఇంట్లో. పాల సేకరణ కేంద్రంలో రోజువారీ రిజిస్టరు రాస్తాను. ఎనిమిదో తరగతి దాకా చదివాను. తర్వాత నేర్చుకున్నది నాకు నేనుగా నేర్చుకున్నదే.

ఈ రోజు 21-08-2024, బుధవారం. ఉదయం 11.20కి కె.జి.ఎఫ్. కోర్టులో మేజిస్ట్రేటు గారి ఎదుట ప్రమాణం చేసి చెబుతున్నాను. నన్ను ఎవరూ పంపలేదు, ఎవరూ బెదిరించలేదు. ఆదివారం సాయంత్రం 6.40కి నేను పోలీసులకు చెప్పినదానిలో అబద్ధం ఉంది. ఆ అబద్ధం వల్ల సుగటూరు వాసి మునీంద్ర, వయసు 36, వైరుమన్, సోమవారం నుంచి జైల్లో ఉన్నాడు.

1984 నుంచి 2001లో మైను మూసేదాకా నేను లాంపు రూములో పనిచేశాను. కిందికి దిగే ప్రతి మనిషికీ నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. బిళ్ళ ఇచ్చి లాంపు తీసుకునేవాడు. పైకి వచ్చాక లాంపు ఇచ్చి బిళ్ళ తీసుకునేవాడు. షిఫ్టు అయ్యాక మేకుకు బిళ్ళ మిగిలిందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. ఆ రిజిస్టరు నేను రాసేవాణ్ని. పదిహేడేళ్లలో అందులో తప్పు రాయలేదు. ఇది ఎందుకు చెబుతున్నానో నాకే సరిగా తెలియదు. రాసుకోండి.

మైను మూసేసిన తర్వాత నుంచి రోజుకు ఒక సంగతి చొప్పున నోటుబుక్కులో రాస్తున్నాను. లైబ్రరీలో చదివినది, పేపర్లో చూసినది, తేదీ వేసి రాస్తాను. ఇప్పటికి 31 నోటుబుక్కులు అయ్యాయి. మూడేళ్ల కింద మునీంద్ర మా ఇంటి మీటరు బాగుచేయడానికి వచ్చి వాటిని చూశాడు. నిలబడే అరగంట చదివాడు. అప్పటి నుంచి రెండేసి తీసుకుపోయి, నెల తిరిగేలోగా తెచ్చిస్తాడు. తీసుకుపోయిన ప్రతి పుస్తకానికీ పేరు రాసిన చీటీ మా గోడకున్న మేకుకు గుచ్చి పోవాలి. పుస్తకం వస్తే చీటీ ఇచ్చేస్తాను. లాంపు రూము పద్ధతే.

చాంపియన్ రీఫ్స్ రోడ్డులో సోమశేఖర్ అనే ఆయనకు బారు ఉంది. నెలకొక ఆదివారం మధ్యాహ్నం 4 గంటలకు మేడ మీది హాల్లో క్విజ్ పెడతాడు. ప్రశ్నలు నేను తయారు చేస్తాను. అక్కడ అందరూ నన్ను మాస్టరూ అంటారు. నేను మాస్టరును కాను. అయినా వద్దని ఎప్పుడూ చెప్పలేదు.

18వ తేదీ ఆదివారం 3.30కి సోమశేఖర్ నన్ను పక్కకు పిలిచి, "మాస్టరూ, ఆఖరు ప్రశ్న మన ఊరిది పెట్టు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టాల. దిగులు మొకాలతో ఇండ్లకి పంపిస్తే వచ్చే నెల యాడొస్తారు?" అన్నాడు. సరే అన్నాను.

హాల్లో ఐదు టేబుళ్లు. ఒక్కో టేబులుకు ముగ్గురు నలుగురు. పంతొమ్మిది ప్రశ్నలు అయ్యేసరికి కోరమండల్ ఆనంద్ టేబులుకూ మునీంద్ర టేబులుకూ చెరి పద్నాలుగు మార్కులు. ఆనంద్ మా లైనులోనే ఉంటాడు. వాళ్ల నాయన మైనులోనే పనిచేసి పోయినాడు. మునీంద్ర ముందు నిమ్మకాయ సోడా ఉంది. అతను తాగడు. ఆదివారం కూడా తాగలేదు. తాగి ఉన్నాడని పోలీసులకు నేను చెప్పింది మొదటి అబద్ధం.

ఇరవయ్యో ప్రశ్న ఇది: మన దేశంలో నీటి నుంచి తీసిన కరెంటు మొట్టమొదట వెలిగిన ఊరు ఏది?

మా దగ్గర ఎవరిని అడిగినా కె.జి.ఎఫ్. అంటారు. 1902లో కావేరి మీది శివనసముద్రం జలపాతం నుంచి మైనుకు కరెంటు వచ్చింది. అది నిజం. మొట్టమొదటిది మనదేనని మా నాయన నాకు చెప్పాడు. ఆయనకు ఇంకెవరో చెప్పి ఉంటారు. ఇక్కడ మైను పోయింది, పని పోయింది. ఆ మాట మాత్రం మిగిలింది.

జవాబులు రాసిన చీటీలు నా దగ్గరకు వచ్చాయి. ఆనంద్ చీటీలో కె.జి.ఎఫ్. అని ఉంది. చదివాను. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. తర్వాత మునీంద్ర చీటీ. డార్జిలింగ్, 1897 అని ఉంది. దాన్ని కూడా చదివి, తప్పు అన్నాను.

ఆనంద్ నవ్వుతూ, "ఏమప్పా సుగటూరాయనా, మా ఊళ్లో వైర్లు లాగి బతుకుతా మా ఊరికే షాక్ ఇస్తావా?" అన్నాడు.

వెనక నుంచి ఎవరో, "డార్జిలింగు టీ ఎక్కువ తాగినట్టుండాడు!" అన్నారు.

"టీ కాదులే, ఇంగోటి," అని ఇంకొకరు. హాలంతా నవ్వింది. నేనూ కొంచెం నవ్వాను.

మునీంద్రకు కోపం రాలేదు. "నవ్వుకోండబ్బా, నష్టమేం లేదు. నేను గాల్లో నుంచి తెచ్చినానా? అప్ప పుస్తకంలోనే చదివినా. ఇదో, ఇయ్యాల తిరిగి ఇచ్చేద్దామని తెచ్చినాను," అంటూ సంచిలో నుంచి నా పద్నాలుగో నోటుబుక్కు తీసి, ఆ పేజీ తెరిచి నా బల్ల మీద పెట్టాడు. "చదువప్పా, వాళ్లకి వినపడేట్టుగా చదువు," అన్నాడు.

ఆ పేజీలో నా చేతిరాత ఉంది. తేదీ 09-03-2016. రెండు లైన్లు ఉన్నాయి. పై లైను: "డార్జిలింగ్, 1897, నీటి కరెంటు. మనం మొదటివాళ్లం కాము." కింది లైను: "శివనసముద్రం నుంచి కె.జి.ఎఫ్.కు, 1902."

నేను కింది లైను చదివాను. గట్టిగా చదివాను. పై లైను చదవలేదు.

మళ్లీ చప్పట్లు. ఎవరో ఈల వేశారు. మునీంద్ర నా ముఖంలోకి చూసి, మెల్లగా, "పై లైను కూడా చదువప్పా," అన్నాడు. నేను నోటుబుక్కు మూసేశాను. "నా పుస్తకంలో అట్లా లేదు," అన్నాను.

అతను పుస్తకం తెరవడానికి రెండు చేతులూ చాచి పట్టుకున్నాడు. నేను వదలలేదు. అతను నన్ను ముట్టుకోలేదు. నా మీదికి వచ్చాడని చెప్పింది రెండో అబద్ధం. కానీ దూరం నుంచి చూసేవాళ్లకు అట్లాగే కనిపించి ఉంటుంది. ఆనంద్ లేచి వచ్చి, "పెద్దాయన మీద చెయ్యి వేస్తావా?" అని అతని కాలరు పట్టి వెనక్కి లాగాడు. నేను పుస్తకం లాక్కున్నాను. ఇద్దరూ పక్క టేబులు మీద పడ్డారు. ఆ టేబులు మీది సీసా ఆనంద్ కుడి చేయి కింద పడి పగిలింది. ఏడు కుట్లు పడ్డాయి. మునీంద్ర సీసా పట్టుకోలేదు. పడేదాకా అతని చేతులు రెండూ నా పుస్తకం మీదే ఉన్నాయి. అప్పుడు గోడ గడియారంలో 5.55.

పోలీసులు వచ్చాక, సీసాతో పొడిచాడని ఆనంద్ అన్నాడు. నన్ను అడిగారు. ఔనన్నాను. ఇది మూడో అబద్ధం. ఆనంద్ మీద నాకు కోపం లేదు. నన్ను కాపాడుతున్నానని అనుకున్నాడు. నొప్పిలో ఏం జరిగిందో అతనికి తెలియకపోయి ఉండవచ్చు. నాకు తెలుసు.

ఇంటికి వచ్చి నోటుబుక్కు రాగుల డబ్బాలో పెట్టాను. సోమవారం ఆ పేజీ కోసేద్దామని బ్లేడు తీశాను. కోయలేదు. ఆ రోజు కొత్త సంగతి ఏదీ రాయలేదు. మంగళవారం కూడా రాయలేదు.

మంగళవారం ఉదయం 7.15కి మునీంద్ర భార్య గంగ వచ్చింది. సుగటూరు నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చిందట. నన్ను అడగడానికి వచ్చిందని అనుకున్నాను. చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో నా పదిహేనో నోటుబుక్కు.

"అప్పా, మా ఆయన ఇది మీకు ఇచ్చి రమ్మన్నాడు. ఇయ్యాలటికి నెల అయిపోతుందంట. నిన్న జైలుకి తీసుకుపోతా ఉంటే కూడా ఇదే చెప్పినాడు," అంది.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. "ఇంగ ఆ కాంట్రాక్టరు పనికి రానిస్తాడో లేదో అప్పా. కేసు ఉండేవాణ్ని కరెంటు కంబం ఎక్కనియ్యరంట," అంది. అది కూడా నన్ను అడిగినట్టు అనలేదు. తనలో తాను అనుకున్నట్టు అంది. నేను మేకు నుంచి పదిహేనో పుస్తకం చీటీ తీసి ఇచ్చాను. మేకుకు ఇంకో చీటీ ఉండటం చూసి, "అదేం పుస్తకంది అప్పా? ఆయన ఇంకోటి ఇవ్వాల్నా?" అని అడిగింది.

ఏమీ ఇవ్వక్కర్లేదమ్మా అన్నాను. ఆమె వెళ్లిపోయింది.

పద్నాలుగో నోటుబుక్కు చీటీ ఇంకా మేకుకే ఉంది. దాన్ని మునీంద్ర చేతికే ఇవ్వాలి.

పై లైను ఎందుకు చదవలేదని మేజిస్ట్రేటు గారు అడిగారు. నా జవాబు: అందరూ లేచి నిలబడి ఉన్నారు. అంతమంది నా కోసం లేచి నిలబడటం అదే మొదటిసారి. చదివితే కూర్చుంటారని భయపడ్డాను. అంతకు మించి కారణం లేదు.

పద్నాలుగో నోటుబుక్కు కోర్టుకు ఇస్తున్నాను. పేజీ కోయలేదు, దిద్దలేదు. చూడండి. అబద్ధం చెప్పినందుకు నా మీద ఏ కేసు పెట్టినా ఒప్పుకుంటాను.

పైన ఉన్నది నేను చెప్పినట్టే రాశారు. గుమాస్తా గారు నాకు చదివి వినిపించారు. మధ్యలో ఒక లైను దాటిపోతే ఆపి, మళ్లీ చదివించుకున్నాను. ఇందులో ఉన్నదంతా జరిగినదే. ఈసారి ఏ లైనూ వదలలేదు.

సంతకం: నంజుండప్ప
21-08-2024, మధ్యాహ్నం 12.45