నూట పద్నాలుగో నంబరు

భిలాయి, వైశాలి నగర్. మధ్యాహ్నం మూడు గంటలు. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన ధర్మారావు ఇంటి వరండా. ఆయన, ఆయన భార్య సింహాచలమ్మ, గుండె జబ్బుల పరిశోధన కోసం ఇల్లిల్లూ తిరిగే మణిమాల.

“లేదమ్మా, ఇయ్యను. ఒక్క చుక్క కూడా ఇయ్యను. ఆ సూది లోపల పెట్టీ.”

“మామయ్యగారూ, ఐదంటే ఐదే మిల్లీలీటర్లు. రెండు నిమిషాల పని.”

“క్రితంసారీ ఐదే అన్నారు. ఏడాదిన్నర అయిపోనాది. రిపోర్టు ఏదీ?”

“అది నా చేతిలో ఉండదండీ. మూడు నెలలకోసారి వచ్చి ఫారం నింపడం, బీపీ చూడ్డం, ఇదిగో ఇప్పుడు రక్తం తియ్యడం. బస్. అంతే నా పని.”

“మరెవుళ చేతిలో ఉంటాది?”

“మూడు యూనివర్సిటీలు కలిసి చేస్తున్నాయి కదండీ. స్టెంట్ వేసుకున్నవాళ్ళలో ఏ మాత్ర ఎవరి ఒంట్లో పనిచేస్తుంది, ఎవరి ఒంట్లో పనిచెయ్యదు అని రక్తం చూసి తేలుస్తారు. రేపు మనిషిని బట్టి మందు ఇవ్వచ్చు...”

“ఆ పాఠం నాకు అప్పచెప్పకు. సంతకం పెట్టినప్పుడే చెప్పీసారు. రేపటి సంగతి కాదు, ఇయ్యాల్టి సంగతి ఏటని అడుగుతున్నాను.”

“ఏటండీ అలాగ కసురుతారు? పిల్ల ఎండలో పడి వచ్చింది. అమ్మీ, మజ్జిగ తాగు.”

“వద్దత్తయ్యా. కోహ్కాలో ఇంకా నాలుగిళ్ళున్నాయి.”

“నువ్వుండు సింహాచలం. మొన్న ఫోన్ చేసానమ్మా, ఆ కాగితం మీద ‘సందేహాలకు’ అని నంబరుంది చూడు, దానికి. ఒకాయన ఎత్తి ‘ఆప్ కా డేటా సేఫ్ హై’ అన్నాడు. నేను డేటా అడిగానా? సేఫా కాదా అని అడిగానా?”

“పాపం ఆయనేం చెప్పగలరండీ...”

“ఇంకో ఊరు నంబరిచ్చాడు. అక్కడ ఒకామె, రిపోర్టు మా దగ్గరుంది గానీ మీ పేరు మా దగ్గర లేదంది. మళ్ళీ ఈయనకి చేస్తే, మీ పేరు మా దగ్గరుంది గానీ రిపోర్టు మా దగ్గర లేదన్నాడు. ముప్పై నాలుగేళ్ళు బొగ్గు బట్టీల కాడ, కోక్ ఓవెన్‌లో చేసానమ్మా. గ్యాసు గేజు ఒకడు చూస్తూ, వాల్వు ఒకడు పట్టుకుని, ఇద్దరూ మాటాడుకోపోతే ఏటవుతాదో తెలుసా?”

“తెలుసండీ.”

“నీకేటి తెలుసు?”

“తెలుసు. వాళ్ళ మధ్యలో నిలబడేది నేనే కదా.”

“సరే. మరిప్పుడు మళ్ళీ రక్తం ఎందుకు?”

“మూడో యూనివర్సిటీ వాళ్ళ మెషీన్ వేరట. పాత రక్తం దాంట్లో నడవదట.”

“విన్నావా సింహాచలం? పాత రక్తం నడవదట! పాతదాంట్లో ఏటుందో చెప్పరు గానీ కొత్తది కావాలట!”

“మామయ్యగారూ, రక్తం సంగతి వదిలెయ్యండి. మీ గుండె మాత్రలు ఒకసారి చూపించండి.”

“మళ్ళీ ఫారమా?”

“ఫారం కాదు. ఊరికే చూపించండి.”

“ఇదిగో అమ్మీ, డబ్బా. పొద్దున్న మూడు, రాత్రి రెండు. నేనే తీసిస్తాను.”

“ఈ గులాబీ రంగుది... అత్తయ్యా, ఇంకా ఇదే వేస్తున్నారా?”

“స్టెంట్ వేసిన కాడ్నించీ అదే. ఏం?”

“ఏం లేదు.”

“ఏం లేదంటే ఏదో ఉంది. నీ మొహం మాడిపోనాది పిల్లా.”

“ఏం లేదు మామయ్యగారూ. నేను వెళ్ళొస్తాను.”

“కూర్చో. కూర్చోమంటున్నాను కదా! నీకు తెలుసు. రిపోర్టులో ఏటుందో నీకు తెలుసు.”

“నేను చెప్పకూడదు. నా సంతకం కూడా ఉంది ఒక కాగితం మీద. చెప్పానని తెలిస్తే అదే రోజు తీసేస్తారు.”

“అయితే చెప్పకు. వెళ్ళు.”

“మామయ్యగారూ...”

“వెళ్ళమ్మా. వెళ్ళి కోహ్కాలో నాలుగిళ్ళూ తిరుగు.”

“రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఈ గులాబీ మాత్ర మార్చమని అడగండి. మీ అంతట మీరు మానకండి, డాక్టరే మార్చాలి. నేను చెప్పానని మాత్రం...”

“ఎందుకు మార్చాల?”

“అది మీ ఒంట్లో పనిచెయ్యదు. రక్తం గడ్డ కట్టకుండా వేసుకునే మాత్ర అది. కొందరి ఒంట్లో అది మందుగా మారదు. మీరు ఆ కొందరిలో ఉన్నారు. వేసుకున్నా ఒకటే, వేసుకోకపోయినా ఒకటే.”

“ఓలమ్మో!”

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“జనవరిలో.”

“ఇప్పుడు అక్టోబరు.”

“అవునండీ. ల్యాబ్ నుంచి లిస్టు పొరపాటున మా ఆఫీసుకి వచ్చింది. పేర్లు లేవు, నంబర్లే. నూట పద్నాలుగు పక్కన ఎర్ర గీత, అంటే మాత్ర పనిచెయ్యదని. నా డైరీలో చూస్తే మీరు. అప్పుడే మా ఆఫీసు సార్ దగ్గరికి పరిగెత్తాను. సార్ ఉత్తరం రాసారు. ఇక్కడి ఎథిక్స్ కమిటీ కూర్చోవాలన్నారు. కూర్చున్నారు. అక్కడి కమిటీ కూడా కూర్చోవాలన్నారు. వాళ్ళూ కూర్చున్నారు. కూర్చుని, ఇది పరిశోధన ల్యాబు, ఆస్పత్రి ల్యాబు కాదు, దీని రిపోర్టు మనిషికి ఇవ్వకూడదు, మళ్ళీ పరీక్ష చేసి ఇవ్వాలన్నారు. ఎవరు చెయ్యాలి అన్నదాని మీద మూడు నెలల్నుంచి మెయిళ్ళే మెయిళ్ళు. ప్రతి సోమవారం అడుగుతున్నాను. ‘ప్రొసీజర్ హై, మణిమాలా’ అంటారు. ఏప్రిల్లో మీ ఇంటికొచ్చాను, జూలైలో వచ్చాను. ఇక్కడే కూర్చుని, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడిగి, అవునంటే అవును అని రాసుకుని వెళ్ళిపోయాను.”

“సింహాచలం, ఆ డబ్బా లోపల పెట్టీ.”

“తిట్టండి మామయ్యగారూ. అలా చూడకండి, తిట్టండి.”

“తిట్టను.”

“మరేం ఆలోచిస్తున్నారు?”

“ఆ నంబరు... అది మొదటిసారి తీసిన రక్తం కదా? సెక్టారు క్లబ్బులో క్యాంపు పెట్టినప్పుడు?”

“అదే. అప్పటికి నేను చేరలేదు. నాకు ముందు ఈ పని చేసిన భాగ్యరేఖ దీదీ తీసారు.”

“ఆమె కార్డు చూసింది. మొహం చూడలేదు.”

“అంటే?”

“ఏం లేదు.”

“ఇప్పుడు మీరు ఏం లేదంటున్నారు!”

“చెప్పీండి. పిల్ల ఉద్యోగం పోతాదని తెలిసీ చెప్పింది. మీకేటి పోతాది?”

“ఊరుకో సింహాచలం.”

“ఊరుకోను. అమ్మీ, ఆ రక్తం ఈయనది కాదు. మా తమ్ముడిది.”

“...ఎవరిది?”

“చినబాబుది. నా బావమరిది. ఇరవై రెండేళ్ళు ప్లాంటులోనే, కాంట్రాక్టరు కింద. నాకు స్టెంట్ వేసిన నెలలోనే వాడికీ వేసారు, వేరే ఆస్పత్రిలో. అదే మాత్ర రాసారు. క్యాంపుకి ఇద్దరం కలిసే వెళ్ళాం. లిస్టులో ప్లాంటు రిటైరీల పేర్లే ఉన్నాయి, కాంట్రాక్టువాళ్ళకి కుదర్దు, నహీ హోగా అన్నారు మీవాళ్ళు. వాడు బతిమాలాడు. నా ఒంట్లో ఉన్నది రక్తం కాదేటి బావా అన్నాడు. నాకు సూదంటే ఎలాగూ పడదు. నా కార్డు పట్టుకెళ్ళు, ఇచ్చీసి రా అన్నాను.”

“అరే! అంటే బీపీ మీది, షుగరు మీది, రక్తం ఆయనది! ఏడాదిన్నర నేను నింపిన ఫారాలన్నీ... ఎందుకు చేసారండీ ఇలాగ? ఎవరికైనా ఒక్క మాట చెప్పుంటే...”

“తప్పే. కాదన్లేదు. వాడు ప్రతి ఆదివారం అడిగేవాడు, రిపోర్టు వచ్చిందేటి బావా అని. అందుకే నువ్వొచ్చినప్పుడల్లా నీ ప్రాణం తోడీసాను.”

“సరే. సరే, అదంతా తర్వాత. అంటే మాత్ర పనిచెయ్యనిది ఆయనకి. మీకు పనిచేస్తుందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. మీ పరీక్ష రేపు చేయిద్దాం. ముందు ఆయన. ఎక్కడుంటారు?”

“క్యాంప్ 2 బస్తీలో ఇల్లు.”

“పది నిమిషాలు, నా స్కూటీ ఉంది. ఆయన్ని ఎక్కించుకుని నేనే తీసుకెళ్తాను డాక్టరు దగ్గరికి. కమిటీలు కూర్చుంటే కూర్చోనీ, ఉద్యోగం పోతే పోనీ. ఫోన్ నంబరివ్వండి. మామయ్యగారూ, లేవండి, చెప్పులు వేసుకోండి. ఎందుకలా తల దించుకున్నారు? అత్తయ్యా, మీరైనా చెప్పండి, ఇది ఆలస్యం చేసే పని కాదు!”

“అమ్మీ, ఆ కాయితం జనవరిలో వచ్చిందన్నావు కదా?”

“అవునత్తయ్యా.”

“మావోడు మాత్ర ఒక్క పూట మానలేదమ్మీ. జూలైలో గుండె పట్టీసి పోనాడు.”