మూడో దారిలో లైన్ క్లియర్

2024 ఫిబ్రవరి 18, ఆదివారం, ఉదయం పది గంటలు. ఖరగ్‌పూర్‌లో హిజ్లీ దాటాక ఉన్న సాలవనం. నడకదారుల సంఘం గది. హాజరైనవారు: కార్యదర్శి అయిన విశ్రాంత రైల్వే గుమాస్తా వెంకటరావు, కుడిచేతికి కట్టుతో రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు గిరిబాబు, అతని భార్య హైమవతి, బల్ల కింద ఆమె కుక్క, పేరు గార్డు.

"పదిహేడు కుట్లండి. అది ముందు రాయండి, మిగతా కబుర్లు తర్వాత."

"రాసినాను, గిరిబాబూ. అంకెల్లోనూ రాసినాను, అక్షరాల్లోనూ రాసినాను. నిన్న ఎవరి తప్పో తేలాలి. కుక్క దానంతటది కరిసిందంటే దాని పాసు రద్దు. ఈ అడవిలోకి మరి రాదు."

"అడవిలోకేటండి, భూమ్మీదే ఉండదు. తప్పు దానిదని రాసిచ్చీండి, చాలు. ఇంటికి లాక్కుపోయి ఆ గొలుసుతోనే నలక్కొట్టేస్తాను. నా చెయ్యి నమిలేసింది. నా ఎముక నాకు కనిపించింది."

"హైమా, నువ్వేటంటావమ్మా?"

"నాకేటి తెలుసు, బాబాయ్."

"గొంతేటి అలగుంది?"

"పడిసెం."

"మెడకి ఆ తువ్వాలు?"

"అదీ పడిసెమే."

"మీరు కుక్క సంగతి అడగండి. దాని గొంతుతో మీకేటి పని?"

"కుక్క సంగతే అడుగుతాను. ముసలి కుక్క గదా, పక్కనే ఒకటో దారుంది, చదునుగా. మూడోదానికి ఎందుకు ఎల్లినారు?"

"మూడో దారిలో కుక్కల్ని విప్పి వదలొచ్చని మీ బోర్డే సెప్తుంది గదా."

"చెప్తుంది. ఆకు రాలే కాలం, అటు ఎవరూ ఎల్లరు."

"అందుకే."

"అందుకే?"

"ప్రశాంతంగా ఉంటాదని."

"కుక్కని విప్పేసినారు. మరి గొలుసెక్కడుంది?"

"నా చేతిలో."

"ఒక కొస నీ చేతిలో. రెండోది?"

"బాబాయ్, వొద్దు."

"నువ్వు నోరు మూసుకో. ఏటండీ ఇది, నేను కరిపించుకుని వొస్తే నన్నే... ఇదిగో, బల్ల మీద గుద్ది సెప్తున్నాను, ఇంత మనిషి రక్తం కార్సుకుని కూర్సుంటే..."

"సిరాబుడ్డి, గిరిబాబూ. ఒలికిపోతాది. చెయ్యి తియ్యి."

"సూడండి ఆ కుక్కని. గది అదిరిపోయేలా గుద్దినాను, కన్ను కూడా విప్పలేదు. అంత పొగరు. అచ్చంగా దీన్ని పెంచిన మా మావ లాగే."

"కాలు వెనక్కి తియ్యి. దాన్ని తన్నకు."

"నా ఇష్టం. ఇదిగో, ఇంకోటి."

"తన్నకండి. పక్కటెముకలు ఇంకా అతుక్కోనేదు."

"ఇంకా అంటే, హైమా? ఎప్పుడు విరిగినాయి?"

"దీపావళికి ముందు, బాబాయ్. ఈయన బూటుతో..."

"నిన్ను అడిగినారా? అదేటి, మావ బతికుండగా ఈ కుక్క నన్ను సూసి మొరిగేది. తర్వాత మొరగడం మానేసింది. బుద్ధి వొచ్చిందనుకున్నాను. తప్పంతా మావదండి. యార్డులో జెండా ఊపి బళ్లు షంటింగ్ చేసిన మనిషి షంటింగ్ చేసుకోక, కుక్కకి మనుషుల మీద దూకడం నేర్పినాడు. సచ్చిపోయినా నన్ను కరుస్తున్నాడు దేముడు."

"హైమ నాన్న దేముడు నా స్నేహితుడు. ఏటి నేర్పినాడో నాకు తెలుసు. జెండా, మాట, రెండూ నేర్పినాడు. ఎర్ర జెండా, 'డేంజర్' అంటే ఆగాలి. పచ్చ జెండా, 'లైన్ క్లియర్' అంటే పోవాలి."

"పోవడమా? గొంతు మీదకి దూకడం. ఆ పాడు మాట నా నోట్లోంచే వొచ్చింది, నా ఖర్మ."

"నువ్వన్నావా?"

"నేనే అన్నాను."

"ఎందుకన్నావు?"

"ఈ ఊళ్లో ఎవుడనడు? బాత్రూం ఖాళీ అయితే మా అమ్మ కూడా లైన్ క్లియర్ అనే అంటాది."

"అడవిలో ఏ బాత్రూం ఖాళీ అయింది?"

"దారండి, దారి. ఇటు సూసినాను, అటు సూసినాను. పురుగు లేదు. అన్నాను."

"ఎవరూ లేరని చూసుకున్నాక."

"ఆఁ."

"గొలుసు చేతిలో ఉండగా."

"ఆఁ. అంటే... ఎదురు మాటాడిందండి. మీరు మొగవాళ్లు కాదా? హాస్టల్ వంటింట్లో ఉజ్జోగానికి చేరిపోయిందట, నాకో మాట సెప్పకుండా. రెండు సుట్లు సుట్టి కొంచెం బిగించినాను, భయానికి. అంతే. ఇంతలో వెనకనుంచి ఇది..."

"కుక్కని ఎవరు ఆపినారు?"

"ఈ హైమే. దగ్గుకుంటూ పాక్కుంటూ వొచ్చి దాని నుదుటి మీద చెయ్యి పెట్టింది. అప్పుడొదిలింది. ఒక్క కేక పెడితే ముందే వొదిలేది గదా? పెట్టనేదు."

"మెడలో గొలుసుంటే కేక ఎలాగొస్తాది, గిరిబాబూ? సరే. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాసినాను. ముప్ఫై రెండేళ్లు రైల్వే కాగితాలు రాసినాను, ఒక్క అబద్ధం పడలేదు. వినండి. 'నేను మూడవ దారిలో ఇరువైపుల చూసి, మనుష్యులెవరూ లేరని నిశ్చయించుకొని, కుక్క గొలుసును నా భార్య మెడకు రెండు చుట్లు చుట్టి బిగిస్తూ, "లైన్ క్లియర్" అని పలికితిని. దేముడు గారి శిక్షణ ప్రకారము కుక్క ఆ మాటను ఆజ్ఞగా గ్రహించి నన్ను కరిచినది. కనుక తప్పు కుక్కది కాదు.'"

"ఆ మెడ ముక్క కొట్టేయండి."

"కొట్టివేతలుంటే కాగితం చెల్లదు."

"అయితే నేను సంతకం పెట్టను. ఏటి సేస్తారు?"

"హైమా, తువ్వాలు తియ్యమ్మా."

"బాబాయ్..."

"తియ్యి. సూసినావా, గిరిబాబూ? ఒక్కో లింకూ లెక్కపెట్టొచ్చు. ఈ మెడ ఇప్పుడే ఠాణాకి నడిసెల్తుందా, నీ సంతకంతో ఈ కాగితం నా బీరువాలో ఉంటుందా? ఒంటి మీద మళ్లీ సెయ్యి పడిందో, రెండూ కలిసి ఎల్తాయి."

"ముసలాడివని ఊరుకున్నాను, లేకపోతే ఆ కుర్చీతోనే నీ..."

"కుర్చీ సంఘానిది. పెన్ను ఇదిగో. ఎడమచేత్తో పెట్టు, పరవాలేదు."

"...పెట్టినాను. సావండి. లే, ఇంటికి నడువ్."

"నేను రాను."

"ఏటీ?"

"రాను. ఉజ్జోగం రేపట్నుంచి. ఈ రాత్రి మీనాకుమారి పిన్ని దగ్గరుంటాను."

"నా పెళ్లాం మీనాకుమారి హైమకి గది తుడిచి పెట్టేసింది, గిరిబాబూ. తలుపు తోసుకునే పో, అది లోపలికి తెరుచుకోదు."

"ఈ కుక్కని మాత్రం వొదల్ను. గుర్తుంచుకో."

"ఎల్లినాడా, బాబాయ్?"

"గేటు దాటినాడు. ఏడవకు. కాగితం మడత పెడుతున్నాను, చూడు, మూడు మడతలు."

"బాబాయ్, ఒక మాట. అబద్ధం రాయలేదన్నారు గదా మీరు."

"రాయలేదు."

"గార్డుకి చెవులు వినబడవు. దీపావళికి ముందు ఈయన తల మీద కూడా తన్నినాడు. అప్పట్నుంచి బాంబు పేలినా కదలదు. ఈయన ఏ మాటన్నా దానికి ఒకటే."

"మరి ఎలాగ దూకింది?"

"నా చున్నీ పచ్చది. చెయ్యి ఒకటి ఖాళీగా ఉంది. కళ్లు మూతపడకముందు పైకెత్తి ఊపినాను, మా నాన్న జెండా ఊపినట్టే."

"ఉండు తల్లీ, బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టినానో."

"బాబాయ్? మళ్లీ విప్పి రాస్తారా?"

"బీరువాలో పెట్టేసి తాళం వేసీసినాను, తల్లీ. నువ్వేదో అంటున్నావు గానీ, ఈమధ్య నాకు కూడా సరిగ్గా వినబడ్డం లేదు."