నాలుగుసార్లు పాసైన రాయి

ఏంది సాయికిరణ్, మోకాలుకు గా పట్టి ఏంది? ఏడ వడ్డవ్? పంజాగుట్ట దాటి ఇటొచ్చేటప్పుడా, బస్టాపు ముంగట గుంతలనా? అరె, గా గుంతనా! అది నాకు బాగ ఎర్కున్న గుంతే బిడ్డా. నవ్వకు, నిజంగ. కూసో జర, జిరాక్సు మిషిను వేడెక్కాలె, నీ జావా నోట్సు యాడికి పోదు. నువ్వు సుత సివిలే చదివినవంటివి గదా? సివిల్ చదివి అమీర్‌పేటల జావా నేర్సుకుంటున్నవ్. మంచిదే, కంప్యూటర్ల గుంత పడ్డా ఎవ్వని మోకాలు పగలదు. నేను ముప్పై ఏండ్లు రోడ్ల ఆఫీసుల చేసిన అని చెప్పిన గదా, గా ల్యాబుల. సనత్‌నగర్ దిక్కు రేకుల షెడ్డు. రోడ్డుకు పోసే కంకర పనికొస్తదా రాదా అని చూసుడే మా పని. చూసెటోడు మొహియుద్దీన్ సాబ్. గులాం మొహియుద్దీన్. నేను వట్టి అటెండర్ని, నీళ్లు మోసుడు, జల్లెడ పట్టుడు.

బక్క మనిషి, సన్న మీసం, జేబుల ఎప్పుడు ఒక దువ్వెన. కంకరని ఎట్ల కడిగేటోడనుకున్నవ్? బిర్యానీ బియ్యం లెక్క, మూడు నీళ్లు. ఆయన భార్య బతూలమ్మ ఒక్కతీరుగ కొట్లాడేది. "ఇంట్ల బియ్యంల రాళ్లు ఏరమంటే కండ్లు కనవడయంటడు, ఆఫీసుల రాళ్లల్ల రాళ్లు ఏర్తడు, క్యా ఆద్మీ హై రాజనర్సయ్యా!" అని నాకు చెప్పేది, నేనేదో తీర్పు చెప్పేటట్టు. మంచి చాయ్ పోసేది పాపం. ఏం చెప్తున్న? ఆఁ, రాయి. నువ్వు పుస్తకంల చదివే ఉంటవ్. రాయి బిస్కెట్ లెక్క పల్చగుంటే బస్సెక్కంగనే పటుక్కుమంటది. అందుకని పల్చటియి ఏరి తూకమేసేటోడు. ఇనుప గిన్నెల పోసి పదిహేనుసార్లు సుత్తె ఇడిసి, ఎంత పిండైందో చూసేటోడు. పదిహేను అంటే పదిహేనే, నడుమ నేను దగ్గితే సుత మల్ల మొదట్నుంచి. ఇగ ఆఖరుది, తారు పట్టించి ఒక దినమంత నీళ్లల్ల పెట్టేటోడు. రాయి మీద దుమ్ముంటే తారు ఊడొస్తది, గా రాయి పనికిరాదు. నా పెండ్లి సంబంధం సుత అంత ఇచారించి చెయ్యలే మావోళ్లు.

కాయిదం ప్రకారం ల్యాబోళ్లే పోయి కుప్ప నడుమకెల్లి రాయి తేవాలె. కానీ మా కాడ రివాజు ఏందంటే, కాంట్రాక్టరే సంచిల పంపుతడు. టెస్టు అయినంక మిగిలింది మేమే వాపసిస్తం, షెడ్డుల జాగ లేదని. ఎవ్వరికి తప్పనిపియ్యలే. ఒకదినం మొహియుద్దీన్ సాబ్ సంచి గుమ్మరించి ఒక రాయి చేతుల వట్టుకున్నడు. నిమ్మకాయంత రాయి, నల్లగ, నడుమ తెల్ల గీత. దాన్ని చూసి "సలామ్ అలేకుం జనాబ్, మల్ల వచ్చిన్రా?" అన్నడు. నాకు సమజ్ కాలే. "ఎస్.ఆర్. నగర్ రోడ్డుకు ఈయనే వచ్చిండు, బంజారా హిల్స్ రోడ్డుకు ఈయనే వచ్చిండు, సనత్‌నగర్ రోడ్డుకు ఈయనే వచ్చిండు, ఇప్పుడు పంజాగుట్టకు సుత ఈయనే" అన్నడు. అంటే చూడు, కాంట్రాక్టర్ హనుమాండ్లు కాడ ఒక్కటే మంచి సంచి! అదే తెస్తడు, పాసైతది, మేమే మర్యాదగ వాపసిస్తం, అదే మల్ల తెస్తడు. గా గీతరాయి జల్లెడల దిగనంత పెద్దది గదా, గిన్నెలకే పోలే, సుత్తె దెబ్బ ఎన్నడు తినలే. మూడుసార్లు పాసై, నాలుగోసారి పరీక్షకొచ్చింది. ఇప్పటి మీ పోరగాండ్లకు సుత గట్ల రాదు.

సాబ్ గా సంచి పక్కకు వెట్టి, ఆయనే స్కూటర్ మీద పోయి, కుప్ప నడుమల పార పెట్టి రాయి తెచ్చిండు. అంత బిస్కెట్లే, దుమ్మే. తెల్లారి చూస్తే తారు చర్మం ఊడినట్టు ఊడింది. ఫెయిల్ అని రాసిండు. మా పెద్దసారుకు చెమటలు వట్టినయ్. ఎందుకంటే గప్పుడు కంప్యూటర్ కంపెనీలు చూస్తానికి ఫారిన్‌కెల్లి ఎవరో పెద్దమనిషి వస్తున్నడు, గా రోడ్డు మీదికెల్లే పోతడు. సారు కోస్తా మనిషి, మెత్తగ మాట్లాడేటోడు. "ఏంటండీ మొహియుద్దీన్ గారూ, ఆయన దిగి కంకర తవ్వి చూస్తాడా ఏంటి? వారంలో రోడ్డు నల్లగా కనిపిస్తే చాలండీ" అని. సాబ్ అన్నడు, "నల్లగనే కావాలంటే రంగేపియ్యండి సాబ్, నా సంతకం ఎందుకు?" ఇంక ఎనిమిది నెలల్ల రిటైరయ్యే మనిషి బిడ్డా, గా మాట అననీకి ఎంత గుండె ఉండాలె!

తర్వాతనా? తర్వాత ఏమైందంటే... బతూలమ్మకు కండ్ల ఆపరేషన్ పడ్డది. సాబ్ రెండు దినాలు లీవు పెట్టిండు. పోయేటప్పుడు నన్ను పిలిచి, "మియా, వాళ్లు కొత్త కంకర దింపిన్రట. నువ్వే పో, కుప్ప నడుమకెల్లి తే, మొత్తం చేసి పెట్టు. నీకు నాకన్న బాగ వస్తది" అన్నడు. ఆయన అటు పోంగనే సారు పిలిచిండు. "రాజనర్సయ్యా, పదిహేనేళ్ల నుంచి డైలీ వేజ్ కదూ? పర్మినెంట్ లిస్టు నా టేబుల్ మీదే ఉంది" అన్నడు. అంతే. ఇంకో మాట అనే పని సుత లేకుండె. నేను కుప్ప కాడికి పోలే. షెడ్డుల పక్కకున్న గా మంచి సంచే ఇప్పిన. సుత్తె మాత్రం సరిగ్గ పదిహేనుసార్లే ఇడిసిన. గంత ఈమాన్‌గ చేసిన!

సాబ్ వచ్చిండు. కాయిదాలు చూసిండు. "నడుమకెల్లే తెచ్చినవా?" అన్నడు. "ఔ సాబ్" అన్న. ఇంకోసారి అడగలే. సంతకం పెట్టిండు. నన్ను నమ్మిండు బిడ్డా. వారంల రోడ్డు నల్లగ నిగనిగలాడింది. గా పెద్దమనిషి వచ్చిండు, పోయిండు, పేపర్ల ఫొటో సుత వడ్డది. తర్వాత సాబ్ షెడ్డు సర్దుకుంట మిగిలిన రాయి గుమ్మరించిండు. గీతరాయి బయటవడ్డది. దాన్ని చూసిండు, నన్ను చూసిండు, జేబుల దువ్వెన పక్కకు వేసుకున్నడు. తిట్టినా బాగుండు, మస్తు సిగ్గైంది.

రెండు పెద్ద వానలు కొట్టంగనే కంకర లేశిపోయింది. ఒక ఆటో బోల్తావడ్డది, పేపర్ల వచ్చింది. ఇంక్వైరీ వెట్టిన్రు. సంతకం ఎవలది? మొహియుద్దీన్‌ది. "రాయి ఎవరు తెచ్చారు?" అని అడిగిన్రు. నేను తలుపు కాడ నీళ్ల గ్లాసు వట్టుకొని నిలవడ్డ. సాబ్ అన్నడు, "నేనే తెచ్చిన." గంతే. రిటైర్మెంటుకు నెల ముందు సస్పెండ్. పింఛను ఆగింది. రెండేండ్లు ఆఫీసుల చుట్టు తిరిగి తిరిగి పానం ఇడిసిండు. సారుకు ప్రమోషన్ వచ్చింది. నేను పర్మినెంట్ అయిన. రోడ్డే కాలే. పైన తారు మీద తారు పోస్తనే ఉన్నరు, కింద రాయి గదే గదా.

ఆఁ? మల్ల కలిసిననా అంటవా? సస్పెండైన దినం షెడ్డుకొచ్చిండు, సామాన్లకు. నా చెయ్యి వట్టుకొని అరచేతుల ఏదో వెట్టి, "ఉంచుకో మియా, ఇది పక్కా రాయి, ఎన్నడు ఫెయిల్ కాదు" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు.

... ఫ్యాను జోరుగుంది, నీ కాయిదాలు ఎగురుతున్నయ్ చూడు. గా టేబుల్ మీద గీతరాయి ఉంది, అది వెట్టు మీద. వెట్టు, ఏం కాదు. ఇగ చెప్పు, జిరాక్సు రెండు దిక్కుల కొట్టాల్నా, ఒక్క దిక్కేనా?