మేస్టారి షెడ్డు, మా ఫిన్నీ

సభకు పెద్దగా కూర్చున్న హెడ్మాస్టరు గణపతిరావు గారికి, ఈ రోజుతో ఉద్యోగం చాలిస్తున్న మన డ్రిల్లు మేస్టారు తిరుమలరావు గారికి, పక్కనే కూర్చున్న వారి ఇల్లాలు పద్మకుమారి గారికి, మా సంఘం పాస్టరు ధనరాజ్ అయ్యగారికి, ఎండలో నడిచి వచ్చిన తల్లులకీ తండ్రులకీ, గోడెక్కి కూర్చున్న పిల్లలకీ, అందరికీ నమస్కారం. మా చర్చివాళ్లకి వందనాలు. నా పేరు బేబీ. తల నెరిశాక కూడా అదే పేరు, ఏం చెయ్యను. (నవ్వులు) తాపీమేస్త్రీ ఏసుదానం భార్యని. ఈ బడిలో చదివిన ఫిన్నీకి తల్లిని. ఫిన్నీ లేడని మీ అందరికీ తెలుసు. అయినా తల్లినే.

నేను ఐదో తరగతి దాకా చదివాను. మైకు పట్టుకోవడం ఇదే మొదలు. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి, ఏడ్చి, కూర్చుండిపోయే మనిషిని. ఈ రోజు ఏడవనని ఇంటి దగ్గరే ఒట్టు పెట్టుకుని వచ్చాను, కాబట్టి మాట మధ్యలో ఆగితే మైకు పాడైందనుకోండి.

పొద్దున్నుంచి మేస్టారి గురించి ఎంతోమంది మాట్లాడారు. కబడ్డీ కప్పుల గురించి చెప్పారు, జెండా పండగకి పిల్లల చేత కవాతు చేయించిన సంగతి చెప్పారు. బడి వంటగది వెనక ఉన్న రేకుల షెడ్డు గురించి మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నేను ముందు వరసలో కూర్చున్నాను కదా, నన్ను చూసి మానేశారు. మీ మంచితనం నాకు తెలుసు. కానీ ఆ షెడ్డు మాట రాకుండా మేస్టారిని సాగనంపితే అది సగం సన్మానమే అవుతుంది.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. ఆ షెడ్డులో ఒక ఇనప రాడ్డు, దానికి తగిలించే బిళ్లలు, జాతరల్లో మగవాళ్లు పందెం వేసి ఎత్తే సంగిడి రాళ్లు ఉంటాయి. గోడకి హనుమంతుడి పటం ఉంటుంది. మావాడు మొదటిరోజు వెళ్లి ఆ పటం చూసి గుమ్మంలో ఆగిపోయాడట, దణ్ణం పెట్టాలో వద్దో తెలియక. మేస్టారు చూసి, "నీకు ఎవులికి పెట్టాలనుంటే ఆళ్లకి పెట్టరా. రాడ్డుని మాత్రం కాలితో దాటకు, అంతే" అన్నారట. అది విన్నాక నాకు బెంగ తీరింది.

ఎందుకు వెళ్లాడంటే, మావాడు మరీ సన్నం. తొమ్మిదో తరగతిలో పొడుగు సాగాడు గానీ ఒంటి మీద కండ లేదు. బళ్లో పిల్లలు "ఒరే సీపురుపుల్లా" అని పిలిచేవారు. ఇప్పుడు ఆ గోడ మీద ఉన్నవాళ్లలో కూడా ఆ మాట అన్నవాళ్లున్నారు, తల దించుకోనక్కర్లేదు, నేనూ కోపమొస్తే అదే అనేదాన్ని. (నవ్వులు) సెల్లులో ఎవరెవరో కండలు చూపిస్తుంటే చూసి, నెలలో అలా అయిపోవాలని వీడి ఆశ. ఏదో పొడి డబ్బా కొనమని మారాం చేశాడు. మేస్టారిని అడిగితే, "ముందు కర్ర ఎత్తమను, డబ్బా సంగతి తరవాత సూద్దాం" అన్నారు.

కర్ర అంటే ఉత్త వెదురు కర్ర! భుజాల మీద పెట్టుకుని కూర్చోవడం, లేవడం, అదే పని. రోజులు గడుస్తున్నా ఇనుము ముట్టుకోనివ్వలేదు. నాకు కోపమొచ్చి ఇక్కడికే వచ్చి దెబ్బలాడాను. "ఏటి మేస్టారూ, కర్రలు మోయడానికి బడికి పంపాలేటి? మా ఇంటి కాడ లేవా కర్రలు?" అన్నాను. ఆయన నా వైపు కూడా తిరగలేదు. వీడి నడుము మీద చెయ్యి పెట్టి, వంగకుండా నిలబెట్టి, "ఇప్పుడు నడుం తిన్నగా నిలబడ్డం నేర్సుకోకపోతే, రేపు ఇనుం ఎత్తి ఇరగ్గొట్టుకుంటాడు. అప్పుడు ఈణ్ని నువ్వే మొయ్యాల" అన్నారు. కర్ర తరవాత ఉత్త రాడ్డు. రాడ్డు తరవాత చిన్న బిళ్ల. ఒంకర లేకుండా ఎత్తగలిగితేనే ఇంకో బిళ్ల. పక్కవాడు ఎంత ఎత్తాడో చూశాడా, వీడికి ఆ రోజు ఇనుము లేదు, ఇంటికే.

తిండి సంగతిలో నాకు అంతకన్నా పెద్ద చివాట్లు పడ్డాయి. పిల్లాడికి కండ రావాలంటే అన్నం ఎక్కువ పెట్టాలనుకున్నాను. గుట్టగా పెట్టేదాన్ని. ఒకరోజు మేస్టారు ఇంటికొచ్చి కంచం చూశారు.

"ఏటమ్మా ఇది?"

"అన్నం బాబూ."

"కనబడతన్నాది. అన్నంలోకేటి?"

"సింతపండు సారు."

"నీ మొగుడు తాపీమేస్త్రీ కదా, ఇసక గుట్ట పోసీసి సిమెంటు లేకుండా గోడ కట్టమను, ఏటంటాడో సూడు."

ఏసుదానం ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. వాకిట్లో కూర్చుని పగలబడి నవ్వాడు. ఆ నవ్వు నాకింకా వినబడుతుంది.

అప్పటినుంచి మా ఇంట్లో వంట మారింది. రాత్రి ఉలవలు నానబెట్టడం, పొద్దున్న చోడి అంబలిలో మజ్జిగ, గుడ్లు, పెసరపప్పు, వేరుసెనక్కాయలు, సంతలో దొరికిన రోజు ఎండు నెత్తళ్ల చేపలు. అన్నం మానమనలేదు మేస్టారు, అన్నం పక్కన పప్పుకీ గుడ్డుకీ కూడా పీట వెయ్యమన్నారు. డబ్బా పొడి మాట మళ్లీ ఎత్తితే వీపు చీరేస్తానన్నారు. నిద్ర తక్కువైతే ఎంత ఎత్తినా దండగేనని, రోజు విడిచి రోజు ఒంటికి సెలవివ్వాలని కూడా చెప్పారు. సెల్లు నా దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని. అందుకని వాడికి నా మీద అలక.

ఇక వాడి కొలతలు! నేను జాకెట్లు కుడతాను, నా టేపు ఎప్పుడూ వాడి దగ్గరే. పొద్దున్నొకసారి చెయ్యి కొలుచుకోవడం, సాయంత్రం ఒకసారి. "గుమ్మడికాయని కూడా గంటగంటకీ కొలిస్తే ఎదగదురా నాయనా" అనేదాన్ని. నెమ్మది మీద ఎదిగాడు. భుజం నిండింది. చొక్కా పట్టలేదు. అప్పుడు నేనొక పని చేశాను, అయ్యగారు క్షమించాలి. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశాను. (నవ్వులు) ఆదివారం నాడు వెళ్లి ప్రార్థన కూడా చేసుకున్నాను, రెండూ చేశాను, ఏది పనిచేస్తే అది పనిచేస్తుందని. అయ్యగారు నవ్వుతున్నారు, కాబట్టి క్షమించినట్టే.

ఒకరోజు నేను పొయ్యి ముందు నుంచి లేస్తుంటే వచ్చి, "అమ్మా, నిన్నెత్తీనా?" అని, వద్దు వద్దంటుంటే రెండు చేతుల మీద ఎత్తి వాకిలంతా తిప్పాడు. నన్ను ఎవరైనా ఎత్తుకోవడం మా అమ్మ పోయాక అదే. నడుము తిన్నగా పెట్టి ఎత్తాడు మేస్టారూ. మీరు చెప్పినట్టే.

ఇప్పుడు అసలు మాట చెబుతాను. దీని కోసమే మైకు అడిగాను.

పదో తరగతి ఏడు వాడు బాప్తిస్మం తీసుకున్నాడు. తీసుకున్న కొత్తలో పిల్లలకి పట్టుదల ఎక్కువ. గుడ్ ఫ్రైడే నాడు మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటానన్నాడు, ఉన్నాడు. చర్చిలో ఆరాధన అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంటికి రాకుండా, అటునుంచి అటే షెడ్డుకి వెళ్లిపోయాడు. ఉపవాసమని మేస్టారికి చెప్పలేదు, చెబితే ఎత్తనివ్వరని. రెండోసారి రాడ్డు దించి, కళ్లు తిరిగి పడిపోయాడు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగించి, స్కూటరు మీద తన వీపుకి ఆనించుకుని మేస్టారే తెచ్చారు. వీధంతా చూసింది. మేస్టారు గుమ్మంలోంచే కేకలు.

"పస్తుతోటి ఇనుం కాడికి పంపిత్తావేటమ్మా!"

"నాకు తెల్దు బాబూ. పెబువు సిలవ మోసిన రోజని ఉపాసం ఉన్నాడు."

"ఆయన ముందురోజు రేతిరి అందర్నీ కూకోబెట్టుకుని బోయినం సేసే కదమ్మా మోసినాడు!"

మంచం మీద పడుకున్నవాడు కూడా నవ్వాడు. (నవ్వులు) ఆ మాట నేను అయ్యగారికి చెబితే, ఎవరి సంగతో పేరెత్తకుండా ఆదివారం ప్రసంగంలో కూడా చెప్పారు. సాయంత్రానికి వాడు గంజి తాగి, గుడ్లు తిని, మామూలుగా తిరిగాడు. సెలవులన్నీ ఎత్తాడు. ఇంటర్లో చేరాడు. మా వీధిలో బుల్లమ్మత్త బియ్యం బస్తా ఒక్కడే లోపల పెట్టొచ్చాడు.

వానల్లో జ్వరాలొచ్చాయి. మా వరసలో చాలా ఇళ్లలో వచ్చాయి. అందరూ లేచారు, మావాడు లేవలేదు. డెంగీ అని డాక్టరమ్మ చెప్పింది. అమ్మా, వాడి గుండెకి ఏమైనా ఉందా అని నేనే అడిగాను. లేదమ్మా, గుండె బాగానే ఉంది, జ్వరమే అంది. వాడి పెట్టె మోసినవాళ్లలో ఒకాయన "బరువున్నాడు గుంటడు" అన్నాడు. ఎంత ఏడుపులో ఉన్నానో, ఆ మాట మాత్రం చెవిలో పడింది. వాడు వింటే ఎంత పొంగిపోయేవాడో.

(ఆగి) మైకు బాగానే ఉంది. చెబుతాను.

మట్టి చేసి వచ్చిన దగ్గర్నుంచీ ఊళ్లో ఒకటే మాట. "ఇనుం ఎత్తించి ఎత్తించి మేస్టరే గుండె పేల్చీసినాడు, ఆ రోజు పడిపోనాడు కదేటి" అని. కనిపించిన ప్రతివాళ్లకీ కాదని చెప్పాను. బావి దగ్గర చెప్పాను, సంతలో చెప్పాను, బస్సులో చెప్పాను. "పాపం, తల్లి కదా" అని నా చెయ్యి నిమిరి వెళ్లిపోయారు. కొడుకు పోయిన మనిషి మాట వింటారు గానీ నమ్మరు. తల్లులు పిల్లల్ని మాన్పించేశారు. మేస్టారు మాత్రం రోజూ పొద్దున్నే షెడ్డు తీసి, ఒక్కరే కూర్చుని రాడ్డుకి నూనె రాసేవారు. నేనొకసారి వెళ్లి గుమ్మంలో నిలబడి, "ఉపాసం సంగతి ఊరికి సెప్పీయొచ్చు కదా బాబూ" అన్నాను. ఆయన తల ఎత్తకుండా, "సెప్తే ఆడి బక్తి మీదకి తోసీసినట్టవుతాదమ్మా. పోయినోడి మీద ఏల? నా మీదే ఉండనీ" అన్నారు. ఆ తరవాత కొన్నాళ్లకి తాళం వేసేశారు.

పద్మకుమారి గారూ, మీరు ఏడవకండి, నాకు ఒట్టుంది.

అందుకని ఇంతమందిలో చెబుతున్నాను. నా కొడుకుని ఇనుము చంపలేదు. మేస్టారు చంపలేదు. ఉపవాసం కూడా చంపలేదు, అయ్యగారూ, ఆ భయం మీరు పెట్టుకోకండి. దోమ చంపింది. నా కొడుకు బతికిన రోజుల్లో తన ఒంటిని చూసుకుని సంతోషపడింది ఆ షెడ్డు వల్లే.

హెడ్మాస్టరు గారు మొన్న ఎవరితోనో మాట్లాడుతూ, మేస్టారు వెళ్లాక ఆ షెడ్డులో బియ్యం బస్తాలు పెట్టుకుంటామన్నారట. బాబూ, బస్తాలకి వేరే చోటు చూడండి. మేస్టారికి ఉద్యోగం అయిపోయింది గానీ చేతులు అయిపోలేదు. పొద్దున్నపూట వచ్చి పిల్లలకి నేర్పనివ్వండి.

షాలినీ, అక్కడ స్తంభం పక్కన కూర్చున్నావు, చూశాను. నీ సంజయ్ మావాడి కన్నా సన్నంగా ఉన్నాడు. పంపుతావా?

(షాలిని కూర్చున్న చోటినుంచే: "బయమేస్తన్నాదక్కా.")

నాకూ భయమే తల్లీ. పిల్లాడు గుమ్మం దాటితే భయం, దాటకుండా మంచం మీద పడుకుంటే అంతకన్నా భయం. నేను రెండూ చూశాను. భయపడుతూనే పంపు. కర్రతో మొదలుపెడతారు, కర్ర ఎవరినీ ఏమీ చెయ్యదు.

(హెడ్మాస్టరు గారు లేచి, "షెడ్డు అలాగే ఉంటాదమ్మా, మాటిస్తన్నాను" అన్నారు. చప్పట్లు.)

చల్లగా ఉండండి బాబూ. మేస్టారూ, మీరు లేవకండి, దణ్ణాలు పెట్టకండి, నేను చిన్నదాన్ని. ఇదంతా మీకోసం చేశాననుకుంటున్నారేమో, అంత మంచిదాన్ని కాను. ఏసుదానం ఆ ఇంట్లో ఉండలేక భువనేశ్వర్ పనుల్లోకి వెళ్లిపోయాడు. ఫోను చేసి "తిన్నావా" అంటాడు, "తిన్నాను" అంటాను, ఇద్దరం అబద్ధమే ఆడతాం. ఒక్క మనిషికి వండటం నాకు చేతకావడం లేదు. ఎంత తగ్గించి పోసినా గిన్నెలో మిగిలిపోతుంది. పొద్దున్నే షెడ్డునుంచి చెమటతో మా ఇంటికొచ్చి, ఆకలి ఆకలి అని గొడవ చేసే పిల్లలు నాకు కావాలి. నన్ను పిలవనక్కర్లేదు, పలకరించనక్కర్లేదు. తినేసి, గిన్నె బోర్లించి పోతే చాలు.

నా మాట ఓపికగా విన్నందుకు పెద్దలకి, నవ్వినందుకు పిల్లలకి, మైకు ఇచ్చినందుకు హెడ్మాస్టరు గారికి, నింద మోసినందుకు మేస్టారికి, ఆయన్ని మోసినందుకు పద్మకుమారి గారికి వందనాలు. ఇంక వెళ్లాలి. చీకటి పడకముందే ఉలవలు నానబెట్టుకోవాలి, రేపు ఎంతమంది వస్తారో తెలియదు, ఎక్కువే పోస్తాను. సెలవు.