ఆరేకల్ నుంచి కోటేకల్ దాకా

అన్యాయం కాకపోతే ఏంది ఎస్సై గారూ ఇది? ఒకే బస్సులో ఉంటిమి. ఇద్దరమూ లేస్తిమి. శాలువా మాత్రం దేవరాజు ఒక్కనికే కప్పినారు.

ఆ మాట ఇప్పుడెందుకంటారా? నిజమే. మనిషి సచ్చిపోయి కేసైనాక శాలువా ఊసెత్తేది తప్పే. మీరు నన్ను పిలిపించింది సాక్ష్యానికి. చెప్తా. కొంచెం అటూ ఇటూ పోతాది నా మాట, మా ఇంటామె యశోద బతికినన్ని దినాలూ అదే తిట్టేది. మీరు ఓర్చుకోవాల.

రైటరయ్యను రాసుకోమనండి. పేరు తిమ్మప్ప. వయసు డెబ్బై ఒకటి. ఎమ్మిగనూరు, చేనేత కాలనీ. పేరు పక్కన బి.ఏ. అని పెట్టమనండి. ఆదోని కాలేజీ. ఆ కాలంలో మా మగ్గాలోళ్ళలో బి.ఏ. అంటే ఎంత మాట సార్. తర్వాత లా చదువుదామని అనంతపురం పోయినా. ఒక ఏడాది చదివినా గూడా. నాయినకు పక్షవాతం వస్తే మగ్గం కాడికి తిరిగొస్తి.

దేవరాజు ఏం చదివినాడా? ఇంటర్ తప్పినాడు. రెండుసార్లు.

పక్కిల్లే సార్, గోడకు గోడ. చిన్నప్పట్నుంచి చూస్తాండా వాన్ని. జాతరలో గుండెత్తే పోటీ ఉంటాది గదా, ఆ రాతిగుండును ఒకసారి భుజం మీదికెత్తి వెనక్కి పడేసినాడు. ఒకే ఒకసారి. నలభై ఐదేండ్లాయ. ఇప్పటికీ గుండు దేవరాజు అనే అంటారు. నేను కాలనీ మొత్తానికి పింఛను అర్జీలు రాసిచ్చినా, రేషన్ కార్డులకు రాసిచ్చినా. నన్నెవరన్నా అర్జీ తిమ్మప్ప అన్నారా? అనలేదు. తిమ్మప్పా, పెన్నుందా, అంటారు. అంతే.

విషయానికే వస్తాండా సార్. ఇది గూడా విషయమే.

మా యశోదకు గుండెనొప్పి వచ్చిన పొద్దు నేను కండ్లద్దాలు ఎతుక్కుంటాంటి. ఆస్పత్రి కాయితాలు ఎతుక్కుంటాంటి. దేవరాజు గోడ దూకొచ్చి, పసిబిడ్డను ఎత్తినట్ల ఎత్తుకొనిపోయి ఆటోలో పండబెట్టినాడు. ఆయమ్మ కండ్లు తెరిచి, "అన్నా, నువ్వు లేకపోతే నా గతేంది" అన్యాది. నేను పక్కనే ఉండా, కాయితాలు పట్టుకొని. నాతో ఏమీ అనలేదు. మళ్ళ మాట్లాడనే లేదు. నలభై నాలుగేండ్ల కాపురంలో కడమాట వానికి పోయింది చూడండి.

సరే. బస్సు.

శ్రావణం ఆఖరు సోమవారం. ఆదోనిలో దేవరాజు అల్లుని ఇంట్లో బిడ్డకు పేరు పెట్టిరి. నన్నూ పిలిచిరి, పేరు ఏ అక్షరంతో రావాల్నో చూసిచ్చేకి. పదకొండు గంటల బస్సుకు తిరిగి బయల్దేరితిమి. ఆడోళ్ళకు టికెట్ తీసేసినాక ఆ బస్సుల్లో కాలు పెట్టేకి జాగా ఉండదు, మీకు తెలియంది కాదు. దేవరాజుకు ముందర, డ్రైవర్ ఎనకాల సీటు దొరికింది. వానికి ఎప్పుడూ దొరుకుతాది. నాకు నడిమిట్లో ముగ్గురు కూర్చునే సీట్లో చివర అంత జాగా దొరికింది.

కిటికీ పక్క ఆ పిల్లోడు. పిల్లోడంటే ముప్పై ఏండ్లుంటాయి, నాకు పిల్లోడే. వీరేష్. కొత్తగా గుండు కొట్టిచ్చినారు, నెత్తికి గంధం. ఇద్దరికీ నడమ వాళ్ళమ్మ భీమక్క. కోసిగి తట్టు పల్లె వాళ్ళది. ఉరుకుందలో ఈరన్న సామి గుడి కాడ మూడు రాత్రులు పండుకొని వస్తాండారు. ఎమ్మిగనూరులో కూతురింటికి పోయేదానికి ఆదోనిలో బస్సు మారినారు.

ఆయమ్మ నాకంతా చెప్పింది సార్. ముసలోన్ని చూస్తే ఆడోళ్ళు చెప్పుకుంటారు. ఏటా గుంటూరు తట్టు మిరపకోతకు పోతారంట. మూడేండ్ల కింద ఆడనే వీనికి మతి చెడింది. ఎవరో తరుముతాండారని, అగ్గి పెడతాండారని అరిచేవాడంట. కర్నూలులో డాక్టరు మాత్రలు రాసిచ్చినాక బాగైనాడు. మళ్ళ కూలికి పోయినాడు. పెండ్లి మాటలు గూడా నడిచినాయంట.

అయితే బంధువులు ఒక మాట చెప్పిరి. సామి కాడికి మొక్కుకు పోయేటప్పుడు కడుపులో మందు ఉండకూడదని. మాత్ర పడిన ఒంట్లోకి సామి రాడంట. ఆయమ్మ నమ్మింది. మూడు వారాలు మాత్రలు ఆపేసింది. ఆ మాత్రల అట్ట కొంగుకు కట్టుకొనే తిరుగుతాండాది, ముడి విప్పి నాకు చూపిచ్చింది. ఎమ్మిగనూరు పోయినంక మళ్ళ మొదలుపెడతానప్పా, అన్యాది.

నేనేమన్నానా? మంచిదమ్మా అన్నా.

ఆరేకల్ దాటినాక వాడు లేసినాడు. అగ్గి, అగ్గి, బస్సు ఆపండి, అని ఒకటే గోల. కొందరు ఆడోళ్ళు సామి వచ్చినాడనుకొని దండం పెట్టిరి. నెత్తికి గంధం ఉండాది, ఉరుకుంద నుంచి వస్తాండాడు, వాళ్ళ తప్పేముంది? ఒకామె, నా కూతురు ఎప్పుడు కడుపుతో అవుతాది సామీ, అని అడగబట్టె. వాడు అందర్నీ తోసుకొని ముందరికి పోయి డ్రైవర్ చెయ్యి పట్టి గుంజినాడు. బస్సు పక్కనున్న కాలువ దాకా పోయి వచ్చింది. అందరి పానాలూ గొంతులోకొచ్చినాయి. ఆ మాట నేను ఏ కోర్టులోనన్నా చెప్తా.

అప్పుడు లేసినాడు దేవరాజు. వాని చెయ్యి ఎనక్కి తిప్పి, సీట్ల నడిమి దారిలో బోర్లా పండబెట్టి, వీపు మీద మోకాలు పెట్టినాడు. చూస్తాండంగానే అయిపాయ. ఆడోళ్ళంతా, సింహం మాదిరి లేసినాడమ్మా ఆయప్ప, అంటాండారు.

నేనూ లేసినా సార్. ఫోన్లో తీసినారు గదా, చూడండి, నీలం చొక్కా నాదే. కాలన్నా పట్టుకుందామని వంగినా. ఒకామె నన్ను పక్కకు జరిపి, "తాతా, నువ్వు కూర్చో, పడ్తావు" అన్యాది. తాతనంట. దేవరాజు నాకంటే రెండు నెలలు చిన్నోడు. వాడు సింహం, నేను తాత.

ఆ తర్వాత ఏమైందంటారా? కండక్టరు బస్సు నిలపకుండా నేరుగా స్టేషన్‌కు పొమ్మన్యాడు. బస్సు పోయింది. కోటేకల్ దాటి ఈడికి వచ్చేతలికి ఇరవై నిమిషాలైంది. ఆ ఇరవై నిమిషాలూ దేవరాజు మోకాలు తీయలేదు. ఇదే నా సాక్ష్యం. మీ కానిస్టేబుల్ వెల్లకిలా తిప్పినప్పటికే వానికి తెలివి లేదు, ఊపిరొకటి సన్నగా ఆడతాండాది. ఆస్పత్రికి తీసుకపోయిరి. ఆ సాయంత్రమే కాలనీవాళ్ళు దేవరాజుకు శాలువా కప్పి ఫోటోలు తీసిరి, బస్సును కాపాడినాడని. తెల్లారితే పిల్లోడు లేడు.

హత్య కాదు గాని ప్రాణం తీసిన నేరం, అదే గదా పెట్టినారు? మా కాలంలో మూడొందల నాలుగో సెక్షన్. ఇప్పుడు నూట ఐదా? నెంబర్లన్నీ మార్చిరి, మా చదువు గూడా చెల్లకుండా పాయ.

ఏమన్యారు?

దేవరాజు ఏమని రాయిచ్చినాడు? ఇంకోసారి చదవండి సార్.

"పట్టుకునింది నేనే, పట్టుకోమని నాకెవరూ చెప్పలేదు, తిమ్మప్ప సీట్లో కూర్చోనుండాడు, ఆయప్పకేమీ తెలీదు."

అట్ల రాయిచ్చినాడా వాడు.

సంతకమా? ఆగండి. ఆ కాయితం పక్కకు పెట్టండి. నీళ్ళేమీ వద్దు.

కోటేకల్ ఇంకా రాలేదు సార్ అప్పటికి. భీమక్క దేవరాజు కాళ్ళు పట్టుకోని ఉండాది. "వాడు బయపడినాడప్పా, కొట్టేవాడు కాదు, ఊపిరాడనీ అప్పా" అని ఒకే మాట. పిల్లోడు గింజుకునేది నిలిచిపోయింది. దేవరాజు మోకాలు కొంచెం ఎత్తినాడు. ఎత్తి, తల తిప్పి, నా దిక్కు చూసినాడు.

"తిమ్మా, వీడు సల్లబడినాడు. నువ్వు సదువుకున్నోనివి. ఇడ్సిపెట్టేదా?"

నన్నడిగినాడు. డెబ్బై ఏండ్లలో వాడు నన్నొక మాట అడగడం అదే మొదలు. బస్సంతా నా దిక్కు తిరిగింది. నన్ను తాతా అన్నామె గూడా. అందరూ నా నోటి మాటకు నిలబడి ఉండారు సార్. మీకు చిన్న వయసు, మీకది అర్థం కాదు.

నేను గొంతు సవరించుకొని చెప్పినా. వదలద్దు దేవరాజూ, వీడు నటిస్తాండాడు, చట్టం మన పక్కనే ఉంది, నేరం చేసినోన్ని ఏ పౌరుడన్నా పట్టుకొని పోలీసులకు అప్పజెప్పొచ్చు, నలభై మూడో సెక్షన్, అని. సెక్షన్ నెంబర్తో సహా చెప్పినా. అది గూడా మారిందా? నలభైయా ఇప్పుడు? ఇంకేమి, తప్పు నెంబరే చెప్పినా వానికి.

చట్టం పట్టుకొని అప్పజెప్పమన్యాది గాని, మోకాలు పెట్టమనలేదంటారు. తెలుసు సార్. ఆ పొద్దే తెలుసు. ఆ ఏడాది చదువులోనే చెప్పినారు, అవసరానికి మించి బలం వాడకూడదని. ఆ సగం చెప్పలేదు నేను. అది చెప్తే వాడు మోకాలు తీస్తాడు, అంతటితో నా మాట అయిపోతాది.

వాడు మళ్ళ మోకాలు దించినాడు. నా మాట మీద. ఫోన్లో నా గొంతు పడలేదు, ఆడోళ్ళ అరుపుల్లో కలిసిపోయింది. నేనూ ఆ వీడియో చాలాసార్లు చూసుకున్నా. నా పెదవులు కదిలేది కనపడ్తాది గాని మాట ఇనపడదు.

ఇంకొకటి గూడా రాయించండి. ఆ పిల్లోనికి జబ్బని ఆ బస్సులో వాళ్ళమ్మ తర్వాత నాకొక్కనికే తెలుసు. మాత్రలు ఆపినారని తెలుసు. వానికి భయమే గాని తప్పుడు బుద్ధి లేదని తెలుసు. దేవరాజుకు తెలీదు. ఎవడో దొంగో తాగుబోతో అనుకున్నాడు. నేను ఒక్క మాట చెప్పింటే చాలు. జబ్బు మనిషిరా, పైకి లేపి కూర్చోబెట్టు, అని.

చెప్పలేదు. సెక్షన్ చెప్పినా.

దేవరాజును మీరు తీసుకొచ్చిన పొద్దు స్టేషన్ గేటు కాడికి పోయినా చూసేకి. ఏమన్యాడో తెలుసా? "నువ్వు ఇంటికి పో తిమ్మా. ఇద్దరం లోపలుంటే కాలనీవాళ్ళకు అర్జీలు ఎవరు రాసిస్తారు?" అని నవ్వినాడు. నవ్వినాడు సార్. నేను ఇంటికొచ్చి అన్నం తిన్నా. ఈడికి వచ్చి గూడా వాని మోకాలు మాటే మీకు చెప్తి, నా నోటి మాట చెప్పలేదు. మీరు ఆ కాయితం చదవకపోయింటే సంతకం పెట్టి పోయేవాన్నే.

వాడొక్కడే జైలుకు పోతే ఏమైతాదో నాకు తెలుసు. స్నేహితుని కోసం పోయినాడని ఎవరో ఒకరికి ఎట్లో తెలుస్తాది. కాలనీ అంతా చెప్పుకుంటారు. నేను అరుగు మీద కూర్చొని, బతికినన్ని దినాలు, ఆ మాట ఇనాల. మంచితనం గూడా వానికే దక్కాల్నా? యశోద నోటి కడమాట పోయింది, ఓర్చుకున్నా. ఇది నాతో కాదు.

రాయండి రైటరయ్యా. మోకాలు దేవరాజుది. మాట తిమ్మప్పది.

ఏమి సార్, మెచ్చుకుంటున్నట్ల చూస్తాండారు? ఆ కన్నతల్లిని తలుచుకొని నిజం చెప్పినాడని రాస్తారేమో, అట్ల రాయొద్దండి. భీమక్క ఆస్పత్రి వరండాలో నేల మీద పండుకొని ఏడుస్తాంటే నేను పదడుగుల దూరంలోనే ఉండా. ఆయమ్మ కోసమే అయింటే ఆ పొద్దే చెప్పింటి.

పదకొండు దినాలైంది.